విడిది ఇంట తొలి గడియ

విడిది మన భాషలో చాలా పాత మాట. ప్రయాణం మధ్యలో ఆగి బస చేయడాన్ని పూర్వులు విడియడం అన్నారు. విడిసిన చోటు విడిది. దండు దిగిన మైదానమూ విడిదే, వర్తకుల బిడారు ఆగిన తోపూ విడిదే. ఆ దండులూ బిడారులూ పోయినా, పెళ్లివారి పుణ్యమా అని ఆ మాట నేటిదాకా మన నోట నిలిచింది. ఇప్పుడు దానికి మరొక అర్థం వచ్చి చేరవలసిన అవసరం కలుగుతున్నది. వేసవి సెలవులలోనో, దసరాకో, సంక్రాంతికో అరకు, లంబసింగి, ఉదకమండలం, కొడైకెనాల్ వంటి చోట్లకు వెళ్లే కుటుంబాలూ, పిల్లలను వెంటబెట్టుకొని విహారయాత్రకు బయలుదేరే ఉపాధ్యాయులూ హోటలు గదులకు మారుగా ఇల్లు ఇల్లంతా రెండు మూడు రోజులకు అద్దెకు పుచ్చుకొంటున్నారు. వీటిని హోమ్‌స్టే అనీ, విల్లా అనీ, కాటేజీ అనీ పలువిధాల పిలుస్తున్నారు. విడిది ఇల్లు అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

పెళ్లివారి విడిదికి ఒక పద్ధతి ఉండేది. పొరుగువారి ఇల్లు నాలుగు రోజులకు అడిగి పుచ్చుకొన్నప్పుడు ఆడపెళ్లివారి పక్షాన ఒక పెద్దమనిషి ఇంటి యజమానితో కూడ గదిగదీ తిరిగి చూసేవాడు. మంచాలెన్ని, చాపలెన్ని, ఏ తలుపు గడియ వదులుగా ఉన్నది, ఏ కిటికీ రెక్క ఊడింది, అన్నీ ఇద్దరి కళ్ల ఎదుటనే తేలేవి. అద్దె దుకాణం నుంచి వచ్చిన గుండిగలూ, గంగాళాలూ, బేసిన్లూ, గరిటెలూ బండి దిగగానే ఒకసారి, తిరిగి బండి ఎక్కేటప్పుడు ఒకసారి లెక్కకు రావలసిందే. షామియానాల వారి చీటీలో ఆ లెక్క ఇప్పటికీ ఉన్నది. తగ్గిన గరిటెకు ఖరీదు కట్టి తీరవలసిందే. ఇంటి పాత్రల మీద పేర్లు కొట్టించుకొనే అలవాటు కూడ ఈ కోవలోనిదే. ఇదంతా ఎదుటివారిని శంకించడమని ఎవరూ అనుకొన్నట్లు కనబడదు.

నేటి విడిదిలో ఆ పెద్దమనిషి లేడు. యజమాని హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో, ఒక్కొక్కప్పుడు సముద్రాల ఆవలనో ఉంటాడు. తాళంచెవి వాచ్‌మన్ చేతిలో ఉంటుంది. సొమ్ము ఫోనులోనే చెల్లిపోతుంది. దానితోపాటు డిపాజిటు అని మరికొంత ముందే పుచ్చుకొంటారు. ఇల్లు అప్పగించేవాడూ, పుచ్చుకొనేవాడూ ఒకరినొకరు చూడకుండానే వ్యవహారం ముగుస్తుంది. పోయేనాడు "బాత్రూములో బేసిను పగిలింది, అది మీ పనే" అన్నారనుకోండి. ఆ పగులు ఎప్పటిదో చెప్పగలవారు ఎవరు? ఇక్కడనే ఫోటో పనికి వస్తుంది.

ఈ ఉపాయం మన సెల్‌ఫోనుల కాలంలో పుట్టింది కాదు. కాగితం మీద ఛాయాచిత్రాలు దింపే విధానాన్ని ఇంగ్లండులో కనుగొన్న టాల్బట్ మహాశయుడు 1844లో ఒక గ్రంథాన్ని భాగాలుగా ప్రకటించడం ఆరంభించాడు. అందులో ఒక చిత్రం కేవలం పింగాణీ సామానుది: అరలలో వరుసగా పేర్చిన కప్పులూ, జాడీలూ, బొమ్మలూ. ఇంత సామాను పేరుపేరునా జాబితా రాయడానికి ఎంత సేపు పడుతుందో, ఇంచుమించు అంత సేపట్లోనే దాని రూపమంతా కాగితం మీదికి వస్తుందని ఆయన ఆ చిత్రం పక్కన వివరించాడు. రేపు దొంగ ఎవడైనా ఈ వస్తువులను ఎత్తుకొనిపోతే, న్యాయస్థానంలో ఈ మూగ బొమ్మను చూపితే అది వింత సాక్ష్యమే అవుతుందనీ, న్యాయమూర్తి దానిని ఏమంటాడో న్యాయశాస్త్రం చదివినవారే ఊహించవలెననీ చమత్కరించాడు. ఛాయాచిత్రకళ పుట్టిన నాలుగైదేళ్లకే, ఇంటి సామానుకు అది సాక్షి కాగలదన్న ఊహ కలిగిందంటే ఆశ్చర్యంగా లేదూ?

చట్టం మాట కూడ కొంత తెలిసి ఉండడం మంచిది. మన దేశపు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను, కౌలుదారు ఆస్తిని తాను స్వాధీనం చేసుకొన్ననాడు ఎట్లా ఉన్నదో అట్లాగే తిరిగి అప్పగించవలెనని చెబుతుంది. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలా, మనిషి అదుపులో లేని ఉపద్రవం వల్ల కలిగే మార్పూ ఇందుకు మినహాయింపు. రెండు రోజుల బస చట్టం దృష్టిలో కౌలు కాకపోవచ్చును. చాలవరకు అది ఉండడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. అయినా విడిది ఇంటి తగవులన్నీ చివరకు ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి: పుచ్చుకొన్ననాడు ఎట్లా ఉన్నది? 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి ఈ ప్రశ్నకు కటువైన సమాధానం ఇచ్చింది. ఇల్లు పుచ్చుకొన్నప్పుడు దాని స్థితిని వివరించే పత్రం రాసుకోకపోతే, అద్దెకున్నవాడు దానిని మంచి స్థితిలోనే పుచ్చుకొన్నట్లు భావించవలెననీ, కాదని రుజువు చేసే భారం అతనిదేననీ 1731వ అధికరణం. ఆ పత్రాన్ని వారు "ఎతా దె లియూ" అంటారు. స్థలాల స్థితి అని దాని అర్థం. ఫ్రాన్సులో ఇల్లు అద్దెకు తీసుకొన్న మన పిల్లలకు ఈ మాట బాగా పరిచయం. మన దగ్గర విడిది ఇంటికి అటువంటి పత్రం రాసే ఆచారం ఇంకా ఏర్పడలేదు.

నాలుగేళ్ల క్రిందట ముప్పైయిద్దరు విద్యార్థులతో ముగ్గురం అధ్యాపకులం అరకు వెళ్లాము. ఉదయం విశాఖపట్నంలో రైలెక్కి, కొండల సొరంగాలన్నీ దాటుకొని పదకొండు గంటల వేళకు దిగాము. రెండు రాత్రులకు ఒక పెద్ద ఇల్లు కుదుర్చుకొన్నాము. అద్దె గాక పదివేలు డిపాజిటు. పిల్లలు తలా మూడువందలు వేయగా, తగ్గిన నాలుగువందలూ మేము కలిపిన సొమ్ము అది. ఆ మూడువందల కోసం ఇంట్లో రెండుసార్లు అడగవలసి వచ్చినవారు ఆ పిల్లలలో ఉన్నారని మాకు తెలుసు. మాతో వచ్చిన వృక్షశాస్త్ర అధ్యాపకురాలు పిల్లలను వరండాలోనే నిలిపి, "సంచులు లోపల దించకండి, అరగంట ఓపిక పట్టండి" అన్నారు. మొక్క నుంచి ఆకును కోయకముందే ఫోటో తీసి, ఏ చోట, ఏ రోజున దొరికిందో రాసుకోవడం ఆమెకు వృత్తిరీత్యా అబ్బిన అలవాటు. వాచ్‌మన్‌ను వెంటబెట్టుకొని ఆమె ఇల్లంతా తిరిగారు. బాత్రూములో చేతులు కడుగుకొనే పింగాణీ బేసినుకు అంచు నుంచి తూము దాకా సన్నని పగులు ఉన్నది. ఆమె దానిని ఫోటో తీస్తూ ఉంటే వాచ్‌మన్ నెమ్మదిగా, "అది దీపావళి నాటినుంచీ అలాగే ఉన్నాది తల్లీ. నా జీతంలో పట్టుకొన్నారు కూడాను" అన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు. ఆ పగులునూ, పడకగదిలో మూల విరిగిన అద్దాన్నీ, ఇంటికప్పు చెమ్మనూ మొత్తం ఇరవై ఆరు బొమ్మలుగా తీసి, ఒక్కొక్కదాని కింద ఒక వాక్యం రాసి, పన్నెండు కాకముందే యజమాని నంబరుకు పంపారు.

మూడవనాడు బయలుదేరే వేళకు యజమాని తరఫు గుమాస్తా ఫోను చేశాడు. బేసిను పగిలింది, అద్దం విరిగింది, ఆరువేలు పట్టుకొంటామన్నాడు. "మేము వచ్చిననాడు మీకు పంపిన బొమ్మలలో ఏడవదీ పదకొండవదీ ఒకసారి చూడండి" అని మాత్రం ఆమె జవాబిచ్చారు. పావుగంటలో డిపాజిటు పూర్తిగా తిరిగి వచ్చింది. బస్సు కదలబోతూ ఉండగా వాచ్‌మన్ కిటికీ దగ్గరకు వచ్చి, "ఆ బొమ్మలు నా ఫోనుకి కూడా పంపించండి తల్లీ" అని అడిగాడు. ఒకే పగులుకు ఒకరి జీతంలో ఒకసారి, మరొకరి డిపాజిటులో మరొకసారి సొమ్ము పట్టుకోజూసిన లెక్క అది. నష్టపడేది బస చేసినవారే అని మనం అనుకొంటాము గాని, బస చేసినవారు తప్పించుకొని పోయినప్పుడల్లా ఆ బరువు తాళంచెవి మోసేవాడి నెత్తిన పడుతున్నదన్న సంగతి ఆనాడు మాకు కళ్లకు కట్టింది.

ఆ బొమ్మలు ఎందుకు నెగ్గినవో ఆలోచించండి. అవి మొదటినాడే ఎదుటివాని చేతికి చేరినవి. పగులు ఉన్న ఫోటో మన ఫోనులోనే దాగి ఉంటే, "మీరు పగలగొట్టిన తరువాత తీసినది కాదని ఏమిటి?" అనడానికి యజమానికి అవకాశం ఉండేది. బస మొదలైన గంటలోనే అతనికి పంపినప్పుడు, కాదనదలచుకొంటే అతను అప్పుడే కాదనవలె. ఎయిర్‌బిఎన్‌బి వంటి సంస్థల ద్వారా ఇల్లు కుదుర్చుకొన్నవారు ఆ సంస్థ సందేశాల పెట్టెలోనే ఈ బొమ్మలు పంపడం మంచిది; లోపం కనిపించిన 72 గంటలలోపల తెలియజేయవలెనని ఆ సంస్థ అతిథులకు పెట్టిన నియమం.

ఇక తీసే విధానం. మన పాత కాలమానంలో గడియ అంటే 24 నిమిషాలు. మూడు గదుల ఇంటికి ఆ ఒక్క గడియ చాలును. సామాను దించకముందే మొదలుపెట్టవలె, ఎందుకంటే పది సంచులు పరచిన గది పుచ్చుకొన్ననాటి గదిగా కనబడదు. వీధి గుమ్మం దగ్గర నుంచి ఆగకుండా ఒక వీడియో తీసి, ఆ తరువాత గదికి రెండు ఎదురెదురు మూలల నుంచి నిండు బొమ్మలు తీయడం ఒక క్రమం. లోపం ఉన్నచోట దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. దగ్గరి బొమ్మలో రూపాయి బిళ్లనో, కలమునో పక్కన ఉంచితే పరిమాణం తెలుస్తుంది. గాజు పలక మీద గీతలు ఎదురుగా నిలబడి తీస్తే కనిపించవు. పక్కకు ఒదిగి, వెలుతురు ఏటవాలుగా పడేటట్లు తీయవలె. టెలివిజన్ తెర పగులు అది వెలిగినప్పుడే బయటపడుతుంది. దుప్పటి ఎత్తి పరుపును చూడడానికి చాలమంది మొగమాటపడతారు. తగవులు ఎక్కువగా వచ్చేది ఆ పరుపు మీది మరకల గురించే. కొళాయి తిప్పి, గీజరు వేసి, గ్యాసు పొయ్యి వెలిగించి చూడవలె. కరెంటు ఖర్చు విడిగా వసూలు చేసే ఇళ్లలో మీటరు అంకెకు కూడ ఒక ఫోటో అవసరం. వాచ్‌మన్ కుటుంబం ఉండే వాటాను మాత్రం తీయకూడదు. అది మనం అద్దెకు పుచ్చుకొన్నది కాదు.

టాల్బట్ తన బొమ్మను మూగదన్నాడు. తెలుగు చెప్పుకొని బతికేవాడిని గనుక నాకు ఆ మాట దగ్గర కొంచెం ఆగాలనిపిస్తుంది. ఫోటోలో గోడ మీద నల్లగా ఏదో కనబడుతుంది. అది నీడా, మరకా, చెమ్మా, బీటా? చూపరికి తెలియదు. బొమ్మ కింద ఒక్క వాక్యం రాస్తే గాని దానికి నోరు రాదు. రాయడానికి మాటలకు మన భాషలో కొదవ లేదు. గోడకు పడేది బీట; ఎండిన చేనుకు పడేది నెఱియ. గాజుకూ పింగాణీకీ వచ్చేది పగులు. పదునైన వస్తువు మీదుగా పోతే గీత, లోతుగా దిగితే గాటు. లోహపు పాత్ర దెబ్బతిని లోపలికి పోతే సొట్ట. గచ్చు పొరగా ఊడితే పెచ్చు. ఇనుముకు తుప్పు పడుతుంది; రాగికీ ఇత్తడికీ చిలుము పడుతుంది. నీటి గదిలో నేల మీద జారేది పాచి. గోడ మూలల వేలాడేది బూజు, రొట్టె మీద పట్టేదీ బూజే. గుడ్డకు చిరుగు, కుట్టి సరిచేసిన చిరుగుకు అతుకు. వీటన్నిటినీ కలిపి "డామేజి" అని ఒక్క మాటతో తేల్చివేయడం వల్లనే సగం తగవులు వస్తున్నవేమోనని నాకొక అనుమానం. గీతకు చెల్లించవలసినది వేరు, పగులుకు వేరు. చెమ్మ అసలు ఎవరి తప్పూ కాదు, అది మన్యపు వానలది.

ఉపాధ్యాయ మిత్రులు దీనిని తరగతిలో ప్రయోగించి చూడవచ్చును. విహారయాత్రకు ముందు తొమ్మిదో తరగతి పిల్లలను నలుగురేసి జట్లుగా చేసి తమ తరగతి గది స్థితినే రాయమనండి. "మూడవ వరుస రెండవ బల్ల, ఎడమ అంచు దగ్గర జానెడు పొడవున గాటు, పలక ఊగుతున్నది." ఇటువంటి వాక్యం రాయడం మేఘాల మీద వ్యాసం రాయడం కన్న కష్టమని వారికి పది నిమిషాలలో బోధపడుతుంది. చోటు, వస్తువు, లోపం, కొలత ఉండవలె. పాతది, ముసలిది, అసహ్యమైనది అనే విశేషణాలకు అక్కడ స్థానం లేదు. ఆ పని నేర్చిన పిల్లలే యాత్రలో విడిది ఇంటిని కూడ గడియసేపట్లో రాసిపెట్టగలరు. అధ్యాపకునికి ఆ శ్రమా తప్పుతుంది.

ఫోటోకు లోపల ఒక కనబడని చీటీ కూడ ఉంటుంది. తీసిన తేదీ, వేళ, ఏ ఫోనుతో తీసినదీ, స్థలసూచన తెరిచి ఉంచితే ఏ చోట తీసినదీ ఆ చీటీలో నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ చిన్నదై, ఈ వివరాలు రాలిపోతాయి; డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. పంపిన తరువాత కూడ అసలు బొమ్మను ఫోనులో అట్లాగే ఉంచుకోవలె; అంచులు కత్తిరించడం, వెలుగు పెంచడం పనికిరావు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను, ఎలక్ట్రానిక్ నకలును సాక్ష్యంగా చూపడానికి ధ్రువపత్రం జతచేయవలెనంటుంది. ఆ పత్రం నమూనాలో హాష్ అనే అంకెల ముద్రకు కూడ చోటు ఉన్నది. బొమ్మలో ఒక్క చుక్క మార్చినా ఆ ముద్ర మారిపోతుంది. విడిది ఇంటి తగవు న్యాయస్థానం దాకా పోవడం అరుదే గాని, మార్చని బొమ్మకూ మార్చిన బొమ్మకూ తేడాను చట్టం ఎంత పట్టుగా చూస్తున్నదో ఇందువల్ల తెలుస్తుంది.

ఈ పట్టు ఊరకే రాలేదు. 2025 ఆగస్టులో లండనులోని గార్డియన్ పత్రిక ఒక వృత్తాంతం ప్రకటించింది. చదువు నిమిత్తం న్యూయార్కు మన్‌హటన్‌లో రెండున్నర నెలలకు ఎయిర్‌బిఎన్‌బి ద్వారా ఒక ఇల్లు పుచ్చుకొన్న యువతి, ఏడు వారాలకే ఖాళీ చేసి వెళ్లింది. తరువాత ఆ ఇంటివాడు పగిలిన బల్ల మొదలైన వాటి ఫోటోలు చూపి, 12 వేల పౌనులకు పైగా నష్టం జరిగిందన్నాడు. సంస్థ మొదట ఆమెను 5,314 పౌనులు చెల్లించమన్నది. ఒకే బల్లకు చెందిన రెండు ఫోటోలలో పగులు ఒకే రీతిగా లేదనీ, కృత్రిమ మేధతో బొమ్మలను మార్చి ఉండవచ్చుననీ ఆమె వాదించింది. పత్రిక కలుగజేసుకొన్న తరువాత సంస్థ తన తీర్పును వెనక్కు తీసుకొని, ఆమె కట్టిన 4,269 పౌనుల అద్దె కూడ తిరిగి ఇచ్చింది. లేని పగులును ఉన్నట్లు చిత్రించడం నేడు బడిపిల్లవాడికి కూడ చేతనైన పని. టాల్బట్ కాలంలో బొమ్మ తనంతట తానే సాక్షి; మన కాలంలో అది ఎవరి చేతికి ఎప్పుడు చేరిందన్నదే అసలు సాక్ష్యం. ఖాళీ చేసేనాడు ఆ యువతితో మరొక మనిషి ఉండడం ఆమె వాదానికి బలమిచ్చింది. పెళ్లి విడిదిలో తిరిగిన పెద్దమనిషి అవసరం ఈ విధంగా తిరిగి వచ్చింది.

పోయేనాడు చేయవలసినది వచ్చిననాటి పనే, అదే వరుసలో. వచ్చినప్పుడు ఎక్కడ నిలబడి తీశామో అక్కడే నిలబడి తీస్తే రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చును. వాచ్‌మన్‌ను తప్పక వెంట ఉంచుకోవలె. మన పిల్లల చేతిలో నిజంగా ఒక గ్లాసు పగిలితే, దానిని కూడ ఫోటో తీసి ముందుగా మనమే తెలియజేయవలె. లేకపోతే ఆ గ్లాసు ఖరీదు ఎవరి జీతంలో పడుతుందో ఊహించవచ్చును. తాళంచెవి అతని చేతికి ఇస్తున్నప్పుడు వేళ రాసి యజమానికి ఒక సందేశం పంపితే సరి.

ఆ తరువాత కొన్నాళ్లు బొమ్మలను చెరపకూడదు. ఎయిర్‌బిఎన్‌బి నియమాల ప్రకారం అతిథి వెళ్లిన 14 రోజులలోపల ఇంటివారు నష్టపరిహారం కోరవచ్చును. నేరుగా కుదుర్చుకొన్న ఇళ్లకు అటువంటి గడువు కూడ ఉండదు. డిపాజిటు చేతికి వచ్చి, మరొక నెల గడిచాక, ఆ ఇరవై ఆరు బొమ్మలనూ తీసివేయవచ్చును. పరాయివారి పడకగదీ, వంటగదీ మన ఫోనులో అంతకుమించి ఉండనక్కరలేదు.